క్రిస్మస్‌కి మా దగ్గర 5ఏ డ్రమ్ స్టిక్స్ కొన్నవాళ్ళకు

డిసెంబరు 10 నుంచి 24 లోపు మా షాపులో నల్ల కవరులో ఉన్న 5ఏ సైజు హికరీ చెక్క స్టిక్స్ కొన్నవాళ్ళు దయచేసి వాటిని ఇక వాడకండి. తెచ్చి ఇచ్చేయండి. బిల్లు అక్కర్లేదు. విరిగినా, జతలో ఒక్కటే మిగిలినా పర్లేదు. వేరే జత ఇస్తాను, వద్దంటే డబ్బు ఇస్తాను.

ముందు చెప్పాల్సింది అది. ఇప్పుడు జరిగింది చెబుతాను.

గుంటూరులో షాపు పెట్టి ఇరవై రెండేళ్ళయింది. నేను స్టిక్స్‌ని కవరు విప్పకుండా అమ్మనని పాతవాళ్ళకు తెలుసు. ప్రతి జతా గ్లాసు కౌంటరు మీద దొర్లిస్తాను. కాస్త వంకరున్నా కొట్టే కొన, అంటే టిప్, ఎగిరెగిరి పడుతుంది. చెక్క చారలు బట్ అనే లావు చివర నుంచి టిప్ దాకా తిన్నగా సాగాయో, పక్కకు జారిపోయాయో చూస్తాను. బంగారం తూచే కాటా మీద రెండూ విడివిడిగా తూస్తాను. చివర్న చెవి దగ్గర పెట్టుకుని ఒక్కోదాన్నీ తట్టి, రెండూ ఒకే శ్రుతి పలుకుతున్నాయో లేదో వింటాను. అమెరికాలో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో టింపనీ అనే పెద్ద డ్రమ్ములు వాయించిన విక్ ఫర్త్ అప్పట్లో దొరికే స్టిక్స్ నచ్చక తన స్టిక్స్ తనే చేయించుకున్నాడు, 1963లో కంపెనీ పెట్టాడు. బరువూ శ్రుతీ కలిసిన జతలకు ఆ కంపెనీ పేరు తెచ్చుకుంది. అంతటి వాయిద్యకారుడు పట్టించుకున్న విషయాన్ని నేను వదిలేయడమేంటని ఇన్నేళ్ళూ ఈ పని ఒకరికి అప్పగించలేదు.

మొన్న డిసెంబరులో వదిలేశాను. పదకొండేళ్ళుగా సరుకు పంపుతున్న సప్లయర్ నవంబరులో రావాల్సిన 300 జతలు డిసెంబరు 9 సాయంత్రం దింపాడు. చర్చిల్లో ప్రాక్టీసులు జోరుగా నడుస్తున్నాయి. షాపులో కాలు పెట్టే చోటు లేదు. ప్రతి కవరు మీదా బరువు, శ్రుతి సరిచూసిన జత అని అచ్చేసి ఉంది. పదకొండేళ్ళ పరిచయం కదా అని నమ్మి, దొర్లించకుండా, తూచకుండా 117 జతలు అమ్మేశాను.

26న ఒక తమ్ముడు వచ్చాడు. ఊరి బయట చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. విరిగిన స్టిక్ ముక్కలు రెండూ కౌంటరు మీద పెట్టాడు. క్రిస్మస్ ఆరాధనలో రెండో పాటకే, డ్రమ్ము తోలూ అంచూ ఒకేసారి తగిలే రిమ్‌షాట్ కొట్టగానే, టిప్ వైపు సన్నబడే షోల్డర్ దగ్గర విరిగిపోయిందట. ముక్క ఎగిరి క్వయర్ ముందు పడిందట. మిగతా పాటలన్నీ ఒక్క స్టిక్‌తో లాక్కొచ్చాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు. "మీ దగ్గర కొన్నవి కదన్నా, అందుకే స్పేర్ పట్టుకెళ్ళలేదు" అన్నాడంతే. ఆ మాట నుంచి నేనింకా తేరుకోలేదు.

ఆ ముక్కలు చూడగానే విషయం అర్థమైంది. మంచి హికరీ అలా విరగదు. దెబ్బను తనలోకి తీసుకునే చెక్క అది. హైహ్యాట్ తాళాల అంచుకు తగిలీ తగిలీ షోల్డర్ దగ్గర పీచు లేస్తుంది, పొట్టు రాలుతుంది, నడుం సన్నబడుతుంది. మార్చమని వారం ముందే చెబుతుంది. ఇది మాత్రం సుద్దముక్కలా ఏటవాలుగా తెగింది. చారలు అడ్డంగా జారి ఉన్నాయి. వార్నిష్ గీకితే లోపల పచ్చిదనం చేతికి తెలిసింది. ఆ రాత్రే మిగిలిన జతలు విప్పి తూచాను. ఒక జతలో ఒకటి 46 గ్రాములు, రెండోది 55.

సప్లయర్‌కి ఫోన్ చేశాను. "చెక్కన్నాక విరగదా? కవర్లు విప్పేశారు కాబట్టి వెనక్కి తీసుకోను" అన్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. "అయినా మీ గుంటూరులో అంత తేడా ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. అది మాత్రం నేను మర్చిపోను.

ఎవరికి తెలుస్తుందో నాకు తెలుసు. పెళ్ళి ఆర్కెస్ట్రాలో ప్యాడ్ వాయించే ఆయన ఏడేళ్ళుగా 5ఏ కన్నా సన్నని 7ఏ తప్ప ముట్టుకోడు. నాలుగ్గంటల ప్రోగ్రాముకు మణికట్టు లాగకూడదు కదా. రైడ్ సింబల్ అనే పెద్ద తాళం గణగణమనాలని ఒకరు నైలాన్ టిప్ అడుగుతారు, ఆ గణగణే పడక ఇంకొకరు చెక్క టిప్ అడుగుతారు. తోలు బదులు వల లాంటి మెష్ హెడ్ ఉన్న ఎలక్ట్రానిక్ కిట్‌కి నైలానే మేలని నేనే చెబుతాను, చీలిన చెక్క టిప్ మెష్‌ను కొరికేస్తుంది. మైకు లేని చోట వాయించేవాళ్ళకు 5ఏ కన్నా లావైన 5బి కావాలి. ఒక పెద్దాయన మన ఎండలకు చెయ్యి చెమట పట్టి జారుతోందని, కొన్న వెంటనే నా కౌంటరు దగ్గరే గరుకు కాగితంతో పట్టుకునే చోట వార్నిష్ గీకేసుకుంటారు. వీళ్ళకా తేడా తెలియనిది?

ఇక మిగిలిన 183 జతలు. వాటి గురించే మూడు రాత్రులు నిద్ర పట్టలేదు. చిన్న మొత్తం కాదు, జనవరి అద్దె కూడా అందులోనే ఉంది. నేర్చుకునే పిల్లలకు సగం ధరకు ఇచ్చేద్దాం, వాళ్ళు గట్టిగా కొట్టరు కదా అని ఇంట్లో అన్నారు. పక్క ఊరి షాపాయన మొత్తం ఒకేసారి కొంటానన్నాడు. నాకూ మనసు లాగింది. "ప్రాక్టీసు స్టిక్స్, సగం ధర" అని అట్ట మీద రాసి గుమ్మానికి వేలాడదీశాను కూడా.

మర్నాడు ఒకావిడ పదేళ్ళ బాబును తీసుకొచ్చారు. వాడు ఆ జతే తీసుకుని స్టూలు మీద టకటకా కొట్టాడు. ఎడమ చేతిలో బరువైన స్టిక్ పడింది. నాలుగు దెబ్బలకే ఎడమ మోచెయ్యి పైకి లేస్తోంది, భుజం బిగుస్తోంది. చెయ్యి అలవాటుపడేది ఆ వయసులోనే. అప్పుడు పడ్డ వంకర పాతికేళ్ళొచ్చినా వదలదు. పెద్దవాళ్ళు తేడా కనిపెట్టి నన్ను నిలదీస్తారు. వాడు తనకే చేతకావడం లేదనుకుంటాడు. వాడి చేతిలోంచి అవి తీసుకుని మంచి 7ఏ జత ఇచ్చి పంపాను. అట్ట తీసేశాను. సాయంత్రం వడ్రంగి దగ్గరికి తీసుకెళ్ళి 183 జతలూ నడిమికి కోయించాను. పక్క ఊరికి అమ్మినా అవి ఎవరో ఒక పిల్లాడి చేతికే వెళ్తాయి. డబ్బు తగలేశావని అన్నవాళ్ళున్నారు. అననివ్వండి.

ఇకపై ఆ సప్లయర్ దగ్గర ఏ సరుకూ తీసుకోను. కొత్తచోట రేటు ఎక్కువ, కాబట్టి 5ఏ జత మీద 60 రూపాయలు పెరుగుతుంది. 7ఏ నైలాన్, చెక్క రెండూ ఉన్నాయి. 5బి ఈ నెలాఖరుకు వస్తాయి. ఎంత రష్ ఉన్నా ప్రతి జతా మీ కళ్ళ ముందే దొర్లించి, తూచి ఇస్తాను. ఆలస్యమవుతుంది, తొందర పెట్టొద్దు. ఆదివారం చర్చి అయ్యాక వచ్చేవాళ్ళ కోసం మధ్యాహ్నం కూడా షాపు తీసే ఉంటుంది.

117 జతల్లో ఇప్పటికి 41 వెనక్కి వచ్చాయి.

26న వచ్చిన తమ్ముడూ, ఆ రోజు డబ్బు ఇవ్వబోతే వద్దని వెళ్ళిపోయావు. నీ కోసం రెండు జతలు తీసి పెట్టాను, నాలుగు స్టిక్సూ 52 గ్రాములే. రెండో జత స్పేర్. కాటా పక్కన సొరుగులో ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళు.