నాలుగొందల డాలర్ల 1911 పిస్టల్‌ని ఎలా చూడాలి

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో తుపాకుల దుకాణాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసంలో 1911 పిస్టల్ ప్రస్తావన ఉంది. దాన్ని ఒకచోట ‘పాతకాలపు రివాల్వర్’ అన్నారు. ఇంకోచోట నాలుగొందల డాలర్లకు దొరుకుతోందంటే నాసిరకమేనని తేల్చేశారు. చివర్లో, గుర్తింపు కార్డు చూపిస్తే ఎవరికైనా అమ్ముతారని రాశారు. మొదటిది పొరపాటు, రెండోది సగం నిజం, మూడోది నమ్మితే మనవాళ్లు కేసుల్లో ఇరుక్కుంటారు. మీ పత్రికను ఆన్‌లైన్లో చదివేవాళ్లు డాలస్ చుట్టుపక్కల చాలామందే ఉన్నారు, వాళ్లలో రేంజ్‌కి, అంటే గురి సాధన చేసే చోటికి, వెళ్లేవాళ్లూ ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాం.

రివాల్వర్లో తూటాలు తిరిగే సిలిండర్లో ఉంటాయి. 1911లో అవి పిడిలోపలి మ్యాగజైన్‌లో ఒకదానిమీద ఒకటి ఉంటాయి. పేలిన దెబ్బకి పైనున్న స్లైడ్ వెనక్కి పోతూ పేలిన తూటా ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది, ముందుకొస్తూ కొత్త తూటాని అది పేలే గదిలోకి, అంటే చాంబర్లోకి, తోస్తుంది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకటే పేలుతుంది. జాన్ మోజెస్ బ్రౌనింగ్ గీసిన ఈ పిస్టల్‌ని అమెరికా సైన్యం 1911 మార్చి 29న తీసుకుంది, 1985లో బెరెట్టా పిస్టల్‌ని ఎంచుకునేదాకా అదే వాళ్ల ప్రధాన పిస్టల్. 1920లలో ట్రిగ్గర్ పొట్టిచేసి, పిడి వెనక భాగం ఉబ్బుగా మార్చాక 1911ఎ1 అన్నారు. ఇప్పుడు చవకలో దొరికేవి ఎక్కువగా దీని నకళ్లే. గుండు బయటికొచ్చే బ్యారెల్ 5 అంగుళాలు, ఖాళీ బరువు దాదాపు 1.1 కిలోలు, తూటా .45 ఏసీపీ. దాని గుండు 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు.

ఇక ధర. ఈ పిస్టల్ పేటెంట్ల గడువు ఎప్పుడో తీరిపోయింది, కొలతలు అందరికీ తెలిసినవే. రెండో ప్రపంచయుద్ధంలో వీటిని ఎక్కువగా తయారుచేసింది టైప్‌రైటర్ల కంపెనీ రెమింగ్టన్ రాండ్. మన ఇళ్లలో కుట్టుమిషన్ల సింగర్ కూడా 500 చేసింది, అవిప్పుడు దొరికితే వేలంపాటే. వేరువేరు కర్మాగారాలు చేసినా భాగాలు ఒకదాంట్లోవి ఇంకోదాంట్లో కూర్చోవాలన్నది అప్పటి సైన్యం షరతు. అలాంటి వస్తువుని ఈ రోజు కంప్యూటర్ యంత్రాల మీద ఫిలిప్పీన్స్ మరికినాలో ఆర్మ్‌స్కోర్ చేసి రాక్ ఐలాండ్ పేరుతో అమ్ముతోంది, టర్కీ నల్లసముద్రపు ఒడ్డున ట్రాబ్‌జోన్‌లో టీసాస్ చేస్తోంది. మామూలు మోడళ్లు 400 నుంచి 550 డాలర్ల మధ్య ఉంటాయి. కోల్ట్ కావాలంటే దాదాపు రెట్టింపు పెట్టాలి. తేడా ఎక్కడ మిగులుతుందంటే కూలిలో. 1911లో చాలా భాగాలు మనిషి ఆకురాయి పట్టి సరిచేసి కూర్చోబెట్టాల్సినవి. చవక పిస్టల్లో ఉక్కుకి వచ్చిన లోటు పెద్దగా లేదు, ఆ ఆకురాయి పట్టే గంటలు తగ్గాయి. అందుకే కొనేవాడు చూడాల్సింది కూర్పు.

చాలామంది కౌంటర్ దగ్గర పిస్టల్‌ని చెవిదగ్గర ఊపి, స్లైడ్ గలగలమంటే పెదవి విరుస్తారు. యుద్ధకాలపు అసలు పిస్టళ్లూ గలగలమన్నవే. గురి బాగుండాలంటే స్లైడ్ మూసుకున్నప్పుడు బ్యారెల్ కదలకుండా ఉండాలి. ముందుగా దుకాణదారుణ్ణి అడిగి, మ్యాగజైన్ తీయించి, చాంబర్లోకి కంటితో చూసి, చిటికెనవేలు పెట్టి ఖాళీ అని నిర్ధారించుకోండి. తర్వాత స్లైడ్ మూసి, ఖాళీ గొట్టం బయటికొచ్చే కిటికీలో కనబడే బ్యారెల్ వెనక అంచుని బొటనవేలితో గట్టిగా కిందికి నొక్కండి. స్ప్రింగు మీద ఉన్నట్టు దిగి లేస్తుంటే ఆ పిస్టల్ వదిలేసి ఇంకోటి చూపించమనండి. ఇంకోమాట: ఖాళీ చాంబర్ మీదికి స్లైడ్‌ని టప్పున వదిలేయకండి, చేత్తో పట్టుకుని మూయండి. ఆ దెబ్బ సియర్ (వెనకున్న సుత్తి లాంటి హ్యామర్‌ని ఎత్తిపట్టి ఉంచే చిన్న ముక్క) అంచు మీద పడుతుంది. దుకాణంలో మీకు తుపాకి తెలుసో తెలీదో ఆ ఒక్క పనితోనే తేలిపోతుంది.

పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీల పరీక్షకి రెండు నిమిషాలు చాలు. ఖాళీ పిస్టల్ హ్యామర్ ఎత్తి, బొటనవేలి సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కి వదిలేయండి. సేఫ్టీ తీసి, హ్యామర్‌ని నెమ్మదిగా ఇంకాస్త వెనక్కి లాగుతూ వినండి. సన్నగా ‘టిక్’ అంటే సేఫ్టీ ఉండగానే సియర్ కొంచెం జారిందని అర్థం, సేఫ్టీకి కూర్పు సరిగా లేదు. పిడి వెనకున్న గ్రిప్ సేఫ్టీని నొక్కకుండా ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ పడకూడదు. స్లైడ్‌ని పావు అంగుళం వెనక్కి పట్టుకుని నొక్కినా పడకూడదు. ఎడమవైపు స్లైడ్ స్టాప్‌కీ (తూటాలు అయిపోయాక స్లైడ్‌ని వెనక నిలిపే మీట) సేఫ్టీకీ మధ్యన సన్నని గొట్టం ఒకటుంటుంది, దాన్ని గోరుతో ఎత్తి చూడండి. రెండు చిన్న కాళ్లని లోపల్నుంచి రివిట్‌లా కొట్టి బిగించిన భాగమది. వదులైతే ఒకరోజు సేఫ్టీ కిందికి దిగనని మొండికేస్తుంది. ఈ సైనిక నమూనాల్లో ఫైరింగ్ పిన్‌ని (తూటా వెనక పొడిచి పేల్చే సూది) అడ్డుకునే అదనపు బ్లాక్ ఉండదు, కోల్ట్ 1983 నుంచి తన సిరీస్ 80లో పెట్టినది అదే. ఆ బ్లాక్ లేకపోతే ట్రిగ్గర్ నొక్కుడు సాఫీగా ఉంటుంది, కానీ ఫైరింగ్ పిన్ స్ప్రింగు ఎప్పుడూ బలంగా ఉండేలా చూసుకోవాలి.

ఎక్కువమందిని ఏడిపించేది ఖాళీ గొట్టాన్ని చాంబర్లోంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్. స్లైడ్ లోపల కుడివైపు పొడవునా ఉండే ఉక్కు కడ్డీ, ముందుచివర చిన్న కొక్కెం. దీనికి వేరే స్ప్రింగు లేదు, కడ్డీకున్న వంపే స్ప్రింగు. ఆ వంపు చేత్తో సరిచేయాలి. చవక పిస్టల్లో తగ్గించిన కూలి మొదట బయటపడేది ఇక్కడే. వంపు తక్కువైతే ఖాళీ గొట్టం కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. ఎక్కువైతే కొత్త తూటా కొక్కెం కిందికి పాకలేక స్లైడ్ పూర్తిగా మూసుకోదు. పరీక్ష ఇలా: స్లైడ్ ఊడదీసి, బ్యారెల్ తీసేసి, మందులేని డమ్మీ తూటాని కిందినుంచి కొక్కెం కిందికి తోయండి. మెల్లగా అటూఇటూ వంచితే అంటిపెట్టుకుని ఉండాలి, గట్టిగా విదిలిస్తే ఊడిపడాలి. వదలకుండా గట్టిగా పట్టుకున్నా, అసలు నిలవకపోయినా తుపాకి మెకానిక్‌కి చూపించండి. ఒక్క తూటాని చేత్తో చాంబర్లో వేసి స్లైడ్ వదిలేయడం చాలామంది చేసే తప్పు. కొక్కెం తూటా అంచు మీదుగా ఎగిరి పడాల్సి వస్తుంది, కొన్నాళ్లకి వంపు పోతుంది. ఎప్పుడూ మ్యాగజైన్‌లోంచే ఎక్కించాలి.

విప్పేటప్పుడు మూతిదగ్గరి గుండ్రటి ప్లగ్గుని బొటనవేలితో లోపలికి నొక్కిపట్టి, దాని మీదున్న బుషింగ్‌ని (బ్యారెల్ మూతిని పట్టి ఉంచే ఉంగరం) పక్కకి తిప్పాలి. వెనక 16 పౌన్ల స్ప్రింగు ఉంటుంది. వేలు జారితే ప్లగ్గు సోఫా వెనక వెతుక్కోవాల్సిందే, మొహం అడ్డం పెట్టకండి. స్లైడ్‌ని కొంచెం వెనక్కి లాగి, చిన్న గుండ్రటి గాడి స్లైడ్ స్టాప్ చివరికి సరిగ్గా ఎదురొచ్చినప్పుడు దాన్ని కుడివైపునుంచి తోస్తే బయటికొస్తుంది. మళ్లీ పెట్టేటప్పుడు తొందరపడి పిడి ఉన్న ఫ్రేమ్ మీద రాసుకుంటూ తోస్తే అక్కడ వంకీలా ఒక గీత పడుతుంది. సెకండ్‌హ్యాండ్ 1911 చూస్తే మొదట వెతకండి దాన్ని. అది ఉన్నంతమాత్రాన పనితీరు చెడదు, వెల తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

కొన్న పిస్టల్‌ని మొదటి 200 తూటాల్లోపు మంచిదనీ చెడ్డదనీ అనొద్దు. స్లైడ్ జారే గాడుల మీద, బ్యారెల్ పైన, బుషింగ్ లోపల ధారాళంగా నూనె వేయండి. ముదురు బూడిదరంగు పార్కరైజింగ్ పూత నూనె పీల్చుకుంటుంది, నూనె లేకుండా చెమట చేతులతో పట్టుకుని పక్కన పెట్టేస్తే తుప్పు పడుతుంది. మూడు మ్యాగజైన్లు తీసుకుని మార్కర్‌తో 1, 2, 3 అని రాయండి. పిస్టల్‌తో వచ్చింది ఒకటో నంబరు. 230 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు గుళ్లతో మొదలుపెట్టి, ఆగిన ప్రతిసారీ ఏ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఎలా ఆగిందో కాగితం మీద వేసుకోండి. తూటా ముక్కు కిందికి గుచ్చుకుని ఆగడం ఒకే నంబరుతో జరుగుతుంటే మ్యాగజైన్ పారేయండి, పిస్టల్‌ని తిట్టకండి. మూడింటితోనూ గొట్టం ఇరుక్కుంటుంటే మళ్లీ ఎక్స్‌ట్రాక్టర్ దగ్గరికే రండి. తూటాలు మిగిలుండగానే స్లైడ్ వెనక ఆగిపోతుంటే గుండు స్లైడ్ స్టాప్ లోపలి మొనకి తగులుతోందేమో చూడాలి, మొన మీద రాగిరంగు మరక కనబడుతుంది. ముక్కు తొలిచిన హాలోపాయింట్లు చివర్లో 50 వేసి చూడండి. ఈ నమూనా గుండ్రటి గుండు కోసమే గీసింది, హాలోపాయింట్లు చాంబర్లోకి సాఫీగా ఎక్కకపోతే ఆశ్చర్యం లేదు.

ఈ పరీక్ష ఖర్చు కూడా పిస్టల్ వెలలో కలుపుకోవాలి. .45 యాభై తూటాల పెట్టె 20 డాలర్లకు తగ్గడం లేదు. 250కి ఐదు పెట్టెలు, ఇంకో రెండు మంచి మ్యాగజైన్లు. నాలుగొందల వస్తువు ఆరొందలు దాటుతుంది. 9 ఎంఎం తూటాలు దాదాపు సగం ధర, ఈ రెండు కంపెనీలూ 1911ని అందులోనూ చేస్తున్నాయి. నెలనెలా రేంజ్‌కి పోయేవాళ్లకి మా ఓటు దానికే. ఎ1 నకలులో గురి చూసుకునే గుర్తులు మరీ చిన్నవి. చెయ్యి లావుగా ఉంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని హ్యామర్ కొరుకుతుంది, కొన్నిటిలో రక్తం కూడా వస్తుంది. కొనేముందు పిడి ఎత్తుగా పట్టుకుని చూసుకోవాలి.

ఇక మీ వ్యాసం చివరి వాక్యం. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1, ఎల్-1 లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం 18వ టైటిల్ 922వ సెక్షన్ ప్రకారం నేరం. శిక్ష 15 ఏళ్ల దాకా ఉండొచ్చు, వీసా సంగతి చెప్పక్కర్లేదు. రేంజ్‌లో గంటసేపు అద్దెకి తీసుకున్నా, స్నేహితుడి పిస్టల్ చేతిలోకి తీసుకున్నా అదే లెక్క. కొనేటప్పుడు నింపే 4473 ఫారంలో ఈ ప్రశ్న ఉంటుంది, అబద్ధం రాస్తే అది ఇంకో నేరం. మినహాయింపుల్లో అందరూ చెప్పుకునేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. దాన్ని ఆధారం చేసుకునేముందు లాయర్‌ని అడగాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి ఈ అడ్డంకి లేదు. ఇంట్లో ఒకరికి పౌరసత్వం, ఇంకొకరికి హెచ్-4 ఉంటే పిస్టల్ తాళం పెట్టెలో, తాళంచెవి పౌరసత్వం ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి. కాలిఫోర్నియాలో అయితే రాష్ట్రం అనుమతించిన జాబితాలోని మోడళ్లే దుకాణాలు కొత్తగా అమ్మాలి, టెక్సాస్‌లో చూసిన మోడల్ అక్కడ దొరక్కపోవచ్చు.

రివాల్వర్ అన్న మాట అలాగే ఉన్నా ఎవరికీ నష్టం లేదు. ఈ చివరి వాక్యానికి మాత్రం వచ్చే ఆదివారమే సవరణ వేయవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
ఇద్దరు పాఠకులు,
డాలస్ పరిసరాలు, టెక్సాస్