ఏ ‘ప్రియతమా’ అండీ?

సంపాదకులకు,

‘ప్రియతమా’ పాట వేయమని ఎఫ్ఎం రేడియోకి ఎవరైనా ఫోన్ చేస్తే ఏది వేయాలి? ‘ప్రేమ’ (1989)లో ‘ప్రియతమా నా హృదయమా’ ఉంది. మరుసటి ఏడే ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’లో ‘ప్రియతమా నను పలకరించు ప్రణయమా’ వచ్చింది. 1991 నాటి తమిళ ‘గుణ’ తెలుగులోకి వచ్చాక ‘ప్రియతమా నీవచట కుశలమా’ అందరి నోళ్లలో నానింది. మూడింటికీ బాణీ ఇళయరాజాదే, మూడింట్లోనూ బాలు గొంతే. కాబట్టి యాప్‌లో సంగీత దర్శకుడి పేరు కొట్టినా, గాయకుడి పేరు కొట్టినా మూడూ కలగలిసే వస్తాయి. విడదీసి చూపేవి సినిమా పేరు, రాసినవారి పేరు. వరసగా ఆత్రేయ, వేటూరి, వెన్నెలకంటి. చాలాసార్లు పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే గానీ కనిపించనిది ఆ రాసినవారి పేరే!

ఇది కాపీ కాదు. మన సినిమా పాటకు విడిగా పేరు పెట్టే అలవాటు లేదు, పల్లవి ఎత్తుగడే పేరైపోతుంది. ప్రేమపాట ఎత్తుకునేది ఎక్కువగా పిలుపుతో. పైగా చాలా పాటలకు బాణీ ముందు, మాట తరువాత. ‘ప్రియతమా’ అంటే మూడు లఘువులు, ఒక గురువు. చివరి ‘మా’ మీద గొంతు ఎంతసేపైనా నిలబడుతుంది. హృదయమా, ప్రణయమా, కుశలమా... ఇవీ అదే కొలత. ముగ్గురు కవులూ జోడీగా వేరే మాట తెచ్చుకున్నారు, కొలత మాత్రం తప్పలేదు. పాటను గుర్తుపట్టించేది ఆ రెండో మాటే. దాన్ని కోసేసి ‘ప్రియతమా’ అని వదిలేస్తేనే గొడవ. ‘గుణ’ పాటతో ఇంకో చిక్కుంది. దాని అసలు ఎత్తుగడ ‘కమ్మని ఈ ప్రేమలేఖనే’. అకారాది జాబితాలో ‘ప్ర’ దగ్గర వెతికితే దొరకదు, ‘క’ దగ్గరుంటుంది.

కొత్త పాటలకూ ఈ తిప్పలు తప్పలేదు. ‘హుషారు’ (2018)లో ‘ఉండిపోరాదే’, ‘ఇస్మార్ట్ శంకర్’ (2019)లో ‘ఉండిపో’, ‘సవారి’ (2020)లో ‘ఉండిపోవా’. రోమన్ లిపిలో దీర్ఘానికి ఒకరు ఒక ‘ఏ’ పెడతారు, మరొకరు రెండు. ‘దే’కి ఒకరు ‘హెచ్’ తగిలిస్తారు, మరొకరు మానేస్తారు. తెలుగు లిపిలో కొడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది, అప్‌లోడ్ చేసినవారు తెలుగులో కూడా రాసి ఉంటే! ఇక ‘సామజవరగమన’ అని వెతికితే త్యాగరాజ కీర్తన, ‘శంకరాభరణం’, సిరివెన్నెల ‘అల వైకుంఠపురములో’కి రాసిన పాట, ఆపైన 2023 నాటి సినిమా, అన్నీ ఒకే వాకిట్లో నిలబడతాయి. ఆ మాటకు మేటి ఏనుగులాంటి నడక గలవారని అర్థం. కీర్తనలో ఆ ఏనుగు నడక కృష్ణుడిది, ‘అల వైకుంఠపురములో’ పాటలో అమ్మాయిది.

శీర్షికకు ఒక్కదానికే కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది కనుక ఒకే పేరు రెండు పాటలకు ఉండడాన్ని ఎవరూ ఆపలేరు, ఆపనక్కర్లేదు కూడా. కానీ కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ తరువాత రాయల్టీలో గీత రచయితకూ వాటా ఉంది. ఒక్కో రికార్డింగుకు అక్షరాలు, అంకెలు కలిపి పన్నెండు గుర్తుల ఐఎస్ఆర్‌సీ అనే అంతర్జాతీయ గుర్తింపు కోడ్ ఉంటుంది. ఆ కోడ్ చెప్పేది ఏ రికార్డింగో మాత్రమే. దాని పక్కన రచయిత పేరు తప్పుగా ఎక్కిస్తే కోడ్ సరిగ్గా ఉండీ ఒకరి పాట ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

వివిధభారతిలో పాటకు ముందు సినిమా, రచన, సంగీతం, గానం చెప్పడం అలవాటు. పట్టుమని పది సెకన్లు పట్టదు. ప్రైవేటు ఎఫ్ఎంలు అదైనా చేయాలి. మీ పత్రికలో పాట ప్రస్తావన వచ్చినప్పుడు పల్లవిలో కనీసం రెండు మాటలు, సినిమా, ఏడాది, రచయిత పేరు వేయండి: ‘ప్రియతమా నా హృదయమా – ప్రేమ, 1989 – ఆత్రేయ’. ఒక్క వరుసలో సరిపోతుంది. డబ్బింగ్ పాటైతే తెలుగు మాటలు రాసినవారి పేరే వేయాలి, తమిళ కవి పేరు కాదు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం