హంపీలో నిధి వేటగాళ్లకు దారి చూపుతున్నదెవరు?

సంపాదకుడిగారికి,

అయ్యా,

మొన్న మీ ఆదివారం అనుబంధంలో హంపీ ‘అతీంద్రియ రహస్యాల’ మీద రెండు పేజీల వ్యాసం వేశారు. విద్యారణ్యస్వామి కురిపించిన కనకవర్షం, నాగబంధం వేసిన నేలమాళిగలు, రాత్రిళ్లు వాటంతటవే మోగే స్తంభాలు, అన్నీ ఉన్నాయి. ఇవి కథలన్న మాట ఒక్కటే ఎక్కడా లేదు.

కథల మీద నాకు కోపం లేదు. కుందేలు వేటకుక్కల మీద తిరగబడ్డ చోట రాజధాని కట్టారన్న కథను పదహారో శతాబ్దంలో వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజే రాసుకున్నాడు. ముహూర్తం రాకముందే ఎవరో జంగమదేవర శంఖం ఊదాడనీ, అందుకే రాజ్యం ఎక్కువకాలం నిలవలేదనీ మా అవ్వ చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నవాణ్ణే. ఊళ్ల చరిత్రలు పోగుచేయించిన కంపెనీ అధికారి మెకంజీ దొర దగ్గర పనిచేసిన మన కావలి సోదరులు ఊరూరా ఇలాంటివే సేకరించారు. ఫలానా ఊరివాళ్లు ఇలా చెప్పుకుంటారని రాశారే తప్ప ఫలానా చోట తవ్వితే దొరుకుతుందని రాయలేదు. ఇప్పుడు వచ్చే వీడియోలు మాత్రం చోటు కూడా చూపిస్తున్నాయి.

దాని ఫలితం 2019 జులైలో చూశాం. ఆనెగొంది దగ్గర తుంగభద్ర మధ్య లంకలో నవబృందావనం ఉంది. అక్కడి మధ్వ సన్యాసి వ్యాసరాయల బృందావనాన్ని, అంటే సమాధిని, రాత్రికి రాత్రి పడగొట్టి తవ్వేశారు. కృష్ణదేవరాయలకు కుహూయోగమనే చెడు గ్రహయోగం పట్టినప్పుడు ఆ గండం తప్పించడానికి తానే సింహాసనం మీద కూర్చున్నాడని చెప్పుకునే స్వామి ఆయన. రాజగురువు కాబట్టి కింద రాయల సొమ్ము ఉంటుందని వీళ్ల లెక్క! సన్యాసి సమాధిలో సొమ్మేమిటన్న ఆలోచనైనా రాలేదు. భక్తులు వెంటనే బృందావనాన్ని మళ్లీ నిలబెట్టారు. పోలీసులకు దొరికినవాళ్లు కర్ణాటకవాళ్లు కాదు, మన ఆంధ్రావాళ్లు. తెలుగు పత్రికకు ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

అసలు నిధి సంగతి చరిత్రలోనే ఉంది. 1565 జనవరి 23న విజయనగరాన్ని ఏలుతున్న రామరాయలు తళ్లికోట యుద్ధంలో హతుడయ్యాక, తమ్ముడు తిరుమలరాయలు 550 ఏనుగుల మీద ఖజానా వేసుకుని పెనుకొండకు వెళ్లిపోయాడని 1900లో ఇంగ్లీషు చరిత్రకారుడు సూయెల్ రాశాడు. మిగిలిన ఊరిని ఐదు నెలలపాటు కొల్లగొట్టారనీ ఆయనే రాశాడు. అంతమంది అన్నాళ్లు గాలించాక మనవాడి గునపానికి ఏం మిగులుతుంది? ఈ మాటే ఒకాయనతో అంటే, ‘అట్లయితే పెనుకొండలోనే ఉండాల సార్’ అన్నాడు. ఏం చెప్పను!

గైడ్లూ తక్కువ తినలేదు. విరూపాక్షాలయం వెనక చీకటి గదిలో రాజగోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. దాన్ని స్వామి మహిమ అని చెప్పి చేతులు జోడిస్తారు. ఎదురుగోడలోని చిన్న రంధ్రానికి అరచెయ్యి అడ్డం పెడితే నీడ మాయం, తీస్తే మళ్లీ ప్రత్యక్షం. వెలుతురు సన్నని కంతలోంచి వస్తే బొమ్మ తిరగబడుతుందని బడిపిల్లలకూ తెలుసు. అది చెబితే పిల్లలు ఇంకా ఆశ్చర్యపోతారు.

రాజప్రాంగణంలో 1980లలో తవ్వి తీసిన మెట్ల పుష్కరిణి దగ్గర ఐదు నిమిషాలు ఎవరూ నిలబడరు. దగ్గరికెళ్లి చూడండి. నల్లరాళ్ల మీద అక్షరాలు, అంకెలు చెక్కి ఉంటాయి. ఏ దిక్కు, ఎన్నో వరుస, ఎన్నో రాయి అన్న గుర్తులవి. రాళ్లను ముందే చెక్కి, గుర్తులు పెట్టి, తెచ్చి వరుసగా పేర్చేశారు. అంతకంటే గొప్ప ‘రహస్యం’ నాకైతే హంపీలో కనబడలేదు. ఆ రాయలకాలం నాటి తుర్తు కాలువ నీళ్లతో ఇప్పటికీ అక్కడ అరటితోటలు పండుతున్నాయి. దాని మీద వీడియో తీసినవాణ్ణి నేను చూడలేదు.

కాబట్టి మూడు విన్నపాలు. హంపీకి మన జనం బస్సులకు బస్సులు వెళ్తున్నారు గనుక పురావస్తు శాఖవారు బోర్డులు తెలుగులో కూడా పెట్టాలి. మన ప్రభుత్వం పెనుకొండ కోట చుట్టూ రాత్రి కాపలా పెంచాలి. అక్కడా ఏదైనా జరిగాక హడావుడి పడితే ప్రయోజనం లేదు.

మూడోది మీకే. ఇలాంటి వ్యాసం మళ్లీ వేస్తే పక్కనే చిన్న పెట్టెలో చట్టం కూడా వేయండి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికినా కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. అంటే తవ్వినవాడికి నిజంగా దొరికినా, తెచ్చి ఇంట్లో పెట్టుకునే వీల్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంతకల్లు