ఒక్కదానికి గది ఇవ్వరా?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో ఒక ఫొటో చూశాను. సముద్రం ఒడ్డున వలతో అల్లిన ఊయల, అందులో ఒకమ్మాయి, ఒళ్లో లాప్‌టాప్, పక్కన కొబ్బరిబోండాం. అంత ఎండలో లాప్‌టాప్ స్క్రీన్ మీద ఒక్క అక్షరం కూడా కనబడదని ఆ ఫొటో తీసినవాళ్లకు తెలియదేమో. నేను మల్కాజిగిరిలో ఉంటాను. ఒక అమెరికా కంపెనీకి బిల్లింగ్ పని ఇంటి నుంచే చేస్తాను. మూడేళ్లుగా వీలు చిక్కినప్పుడల్లా ఆ పనిని బ్యాగులో వేసుకుని ఒక్కదాన్నే ఊళ్లు తిరుగుతున్నాను, అందుకే ఆ ఫొటో చూసి ఊరుకోలేక ఈ ఉత్తరం.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరం ఇళ్లకు చేరాం, ఆ నవంబరులో టెలికాం శాఖ రూల్స్ సడలించడంతో కంపెనీలు ఎక్కడి నుంచైనా పని చేయించుకునే వీలు కలిగింది. మల్కాజిగిరిలో కూర్చుని చేసే పని అరకులో కూర్చుని ఎందుకు చేయకూడదు అన్నది నాకు తట్టడానికి మాత్రం ఇంకా చాలా కాలం పట్టింది.

అందరూ అడిగేది నెట్ గురించి. నా అనుభవంలో నెట్ తర్వాతి మాట, ముందు గది దొరకాలి. రామప్ప గుడి చూసి నాలుగు రోజులు అటువైపే ఉండి పని చేసుకుందామని వెళ్లాను. దగ్గర్లోని ఒక ఊళ్లో లాడ్జి కౌంటర్లో పెద్దాయన, "ఎంతమందమ్మా?" అన్నాడు. ఒక్కదాన్నే అన్నాను. "మీవాళ్లు వెనకాల వస్తున్నారా?" ఎవరూ రారండీ అనగానే రిజిస్టర్ మూసేశాడు. ఆధార్ చూపించాను, కంపెనీ ఐడీ చూపించాను, ఊహూఁ, "సింగిల్‌కి ఇవ్వమమ్మా, మా ఓనర్ ఒప్పుకోడు" అన్నాడు. చివరికి మా అమ్మకు ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు. అమ్మ, "దానికి చన్నీళ్లు పడవు నాయనా, కాస్త వేడినీళ్లు ఇప్పించు" అందట. గది వచ్చింది, బకెట్ వేడినీళ్లతో సహా. నాకు ముప్పై నాలుగేళ్లు.

ఆయన్ని తిట్టుకోను. ఒంటరిగా వచ్చినవాళ్లు గదిలో ఏదైనా చేసుకుంటే పోలీసుల చుట్టూ తిరగాల్సింది తనేనని ఆయన భయం. మగవాళ్లకూ ఈ తిప్పలు తప్పవని మా ఆఫీసులో కుర్రాళ్లు చెబుతారు. తిరుమలలో కూడా ఒంటరిగా వెళ్తే గది ఇవ్వరు కదా, లాకర్ తీసుకుని హాల్లో పడుకోవాల్సిందే. కానీ చేతిలో పని ఉన్నవాళ్లు హాల్లో కూర్చుని క్లయింట్‌తో ఎలా మాట్లాడాలి?

అరకు సంగతి వేరు. గోదావరి ఎక్కి విశాఖలో దిగి, కిరండూల్ పాసింజర్ పట్టుకుని సొరంగాలన్నీ దాటి వెళ్లాను. సొరంగంలోకి వెళ్లినప్పుడల్లా ఫోన్ చచ్చిపోయేది, ఆదివారం కాబట్టి బతికిపోయాను. పది రోజులున్నాను. నా పని రాత్రి షిఫ్టు. న్యూయార్క్‌లో పొద్దున పదంటే మనకు చలికాలంలో రాత్రి ఎనిమిదిన్నర, మార్చిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు జరిపితే ఏడున్నర. అంటే పగలంతా ఖాళీ అనుకుంటారు చూసేవాళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి పడుకున్న మనిషికి పగలు ఎక్కడిది? బొర్రా గుహలు వెళ్లే రోజు చూశాను, మళ్లీ వచ్చే రోజు చూశాను, మధ్యలో చూసింది గది గోడే. కరెంటు పోయిన రాత్రి మాత్రం వీధి చివర టీ కొట్టు బెంచీ మీద కూర్చుని ఫోన్ నెట్‌తో మీటింగ్ కానిచ్చాను, కొట్టావిడ మనవణ్ణి తిట్టే తిట్లన్నీ క్లయింట్ చెవిన పడ్డాయి. ఆయనకు తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

ఒంటరితనం గురించి గొప్పగా చెప్పేవాళ్లున్నారు. ఒక్కోరోజు నా నోట వచ్చిన తెలుగు మాటలు లెక్కేస్తే "అన్నా, ఒక టీ", "చిల్లర లేదు", అంతే. గోకర్ణలో జ్వరం వచ్చింది. మూడు రోజులు లేవలేదు. సెలవు పెడితే టూర్‌లో ఉండి సెలవేమిటని మేనేజర్ అంటాడేమోనని టెన్షన్, ఇంట్లో చెబితే ఇక బయటికే పంపరని ఇంకో టెన్షన్. వంటావిడ గంజి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, తలుపు కొట్టి, నేను తీసేదాకా నిలబడేది. ఆవిడకు తెలుగు రాదు, నాకు కన్నడం రాదు.

అయినా మానలేదు, ఎందుకంటే అరకు సంతలో ఒక పొద్దున నిద్ర మానుకుని వెళ్లి కిలో పసుపుకొమ్ములు కొన్నాను, అమ్మిన అవ్వ నా లాప్‌టాప్ బ్యాగు తెరిచి తనే చార్జరు పక్కకు నెట్టి సర్దింది. ఆ పసుపు ఇప్పటికీ చార్జరు తీగకు అంటుకునే ఉంది. తుడవలేదు.

2025లో సిక్కింలో యాక్‌టెన్ అనే ఊరిని ఇలా తిరుగుతూ పనిచేసుకునేవాళ్ల కోసమే ప్రత్యేకంగా తీర్చిదిద్దారు. మనకు అంత అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వికారాబాద్ అనంతగిరి ఎనభై కిలోమీటర్లు, లక్నవరం ఉంది, సాగర్ ఉంది. గదిలో ఒక టేబుల్, దానికి తగిన కుర్చీ (మంచం మీద ఒంగి పనిచేసి నడుం పోయింది), దగ్గర్లో ప్లగ్గు, కరెంటు పోతే జనరేటరు, ఇవి చాలు. ఇవి లేకపోతే లేవని ఫోన్లో చెప్పినా చాలు, "హై స్పీడ్ మేడమ్" అని చెప్పి రప్పించడం మానేసినా చాలు.

మీ టూరిజం పేజీలో ఎక్కడ ఏం తినాలో ప్రతి వారం రాస్తున్నారు. దాని కిందే ఏ నెట్‌వర్క్ అందుతుంది, జనరేటరు ఉందా, ఒక్కరే వస్తే గది ఇస్తారా అన్న మూడు ముక్కలు కూడా వేయండి. సోమశిలతో మొదలుపెడితే నాకు మేలు, వచ్చే నెల అక్కడికే వెళ్తున్నాను. అమ్మ ఫోన్ చార్జింగ్ పెట్టుకుని సిద్ధంగా ఉంటానంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మల్కాజిగిరి, హైదరాబాద్