బిల్లులో గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాను. పాలిటెక్నిక్ చదివే మా అబ్బాయి రెండేళ్లుగా అడుగుతుంటే, దసరాకు చిట్టీ ఎత్తుకుని మానిటర్ కాక 60 వేలు పెట్టి గేమింగ్ కంప్యూటర్ కొనిచ్చాను. ‘ఐ7 ప్రాసెసర్ వేశాను సార్, ఐదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అన్నాడు షాపతను. బిల్లులో ‘ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్’ అని మాత్రమే ఉంది.

ఇంటికొచ్చి జీటీఏ 5 గేమ్ పెడితే బొమ్మ ఆగి ఆగి నడిచింది. వాడి ముఖం చూడలేకపోయాను. హైదరాబాద్‌లో ఉండే మా అక్క కొడుకు వచ్చి కంప్యూటర్‌లో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచాడు. గేమ్ బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు 99 శాతం పనిచేస్తోంది, మిగతా లెక్కలు చేసే ప్రాసెసర్ 20 శాతం కూడా లేదు. వేసింది జీటీ 730 కార్డు, 2014లో వచ్చిన మోడల్. 4 జీబీ అన్నది నిజమే కానీ అది పాతకాలపు నెమ్మది డీడీఆర్3 మెమరీ. మా మిల్లులో పొట్టు తీసే మిషన్ ఎంత పెద్దదైనా పాలిష్ మిషన్ చిన్నదైతే బియ్యం అక్కడే ఆగిపోతాయి. ఇదీ అంతే.

మావాడి క్లాస్‌మేట్‌కు ఇదే తలకిందులుగా జరిగింది. పాత, రెండో తరం ఐ3 ప్రాసెసర్ మీద శక్తిమంతమైన ఆర్‌ఎక్స్ 6600 కార్డు పెట్టుకున్నాడు. గేమ్‌లో రద్దీ వీధులు రాగానే తడబడేది, గేమ్‌లో బొమ్మ నాణ్యత సెట్టింగులు తగ్గించినా ఫ్రేములు (సెకనుకు వచ్చే బొమ్మలు) పెరగలేదు. మా దగ్గర తగ్గిస్తే పెరిగాయి. పెరిగితే కార్డు చాలనట్టు, పెరగకపోతే ప్రాసెసర్ చాలనట్టు. ఇది ఎవరైనా ఇంట్లోనే చూసుకోవచ్చు.

ఫుల్ హెచ్‌డీ మానిటర్‌కు ఐ3 12100ఎఫ్ లాంటి నాలుగు కోర్ల (లెక్కలు చేసే భాగాల) ప్రాసెసర్ తీసుకుని, మిగిలిన డబ్బు కార్డుకు పెట్టి ఉంటే సరిపోయేదని మా అక్క కొడుకు అన్నాడు. ఇప్పుడు మంచి కార్డు వేద్దామన్నా భాగాలకు కరెంటు అందించే మా ఎస్‌ఎంపీఎస్‌కు దానికి కావలసిన 8 పిన్నుల వైరే లేదు. అదీ మార్చాలి, మళ్లీ ఖర్చు.

షాపుల వాళ్లు కొటేషన్‌లోనే ప్రాసెసర్ ఎన్నో తరమో, కార్డు, ఎస్‌ఎంపీఎస్ ఏ మోడలో పూర్తిగా రాసివ్వాలి. ఏ ప్రాసెసర్‌కు ఏ కార్డు సరిపోతుందో మీ పత్రికలో తెలుగులో వివరంగా వేయండి. సంక్రాంతికి కొనేవాళ్లు చాలామంది ఉంటారు, అంతకుముందే వస్తే మేలు.

– ఒక తండ్రి, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా