పొద్దుగూకే వేళ లాంచీ ఎటు తిరగాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే రాజమహేంద్రవరం, విజయవాడ రేవుల్లో సాయంకాలపు లాంచీ షికార్లకు గిరాకీ మొదలవుతుంది. టీ, పకోడీ, పాటలు, పై అంతస్తులో డాన్సు, చివర్లో సూర్యాస్తమయం. పణజిలో మాండవి నది మీద తిరిగొచ్చినవాళ్లు ఇక్కడా అలాగే ఉండాలంటున్నారు. ఉండొచ్చు, తప్పేం లేదు. కాకపోతే పగటి షికారుకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. పాపికొండల దారిలో చూడదగ్గవి రెండు ఒడ్డుల మీదా ఉంటాయి, జనం కూడా రెండు వైపులా సర్దుకుంటారు. సాయంకాలపు షికారులో చూడవలసింది ఒక్కటే, అదీ ఒక్క వైపే. సూర్యబింబం అంచు నీటిని తాకాక పూర్తిగా దిగిపోవడానికి మన ప్రాంతంలో రెండున్నర నిమిషాలు కూడా పట్టదు. డెబ్బై మంది టికెట్టు కొన్నది ఆ కాస్త సమయం కోసమే కాబట్టి, డెబ్బై మందీ ఫోన్లు పట్టుకుని ఒకే రెయిలింగు దగ్గరికి వస్తారు.

అప్పుడు ఏమవుతుందో లెక్క కట్టి చూడొచ్చు. సరుకులతో, జనంతో కలిపి యాభై టన్నులు తూగే రెండంతస్తుల లాంచీ అనుకోండి. డెబ్బై మందిలో నలభై మందే కదిలారనుకున్నా, మనిషికి 75 కిలోల చొప్పున మూడు టన్నులు. వాళ్లు మధ్యలోంచి రెండున్నర మీటర్లు పక్కకి జరిగితే, ఓ మోస్తరు నిలకడ ఉన్న లాంచీ, అంటే ఇంజనీర్లు మెటాసెంట్రిక్ ఎత్తు అనేది 60 సెంటీమీటర్లు ఉన్నది, దాదాపు 14 డిగ్రీలు ఒరుగుతుంది. అదే నలభై మంది కింద కూర్చోకుండా ముందే పై అంతస్తు ఎక్కి ఉంటే, బరువు రెండు మీటర్లకు పైగా పైకి పోయినట్టు. నిలకడ 47 సెంటీమీటర్లకు తగ్గుతుంది, ఒరుగు 18 డిగ్రీలకు చేరుతుంది. సముద్రపు ఓడలకు అంతర్జాతీయ నియమావళి పెట్టిన హద్దు, జనమంతా ఒక వైపు చేరినా సరే, 10 డిగ్రీలు. పద్నాలుగు దగ్గరే బల్ల మీది ప్లేట్లు జారతాయి. జారిన ప్లేటుని పట్టుకోబోయి మిగిలినవాళ్లు కూడా అదే వైపు తూలుతారు. కింది అంతస్తు కిటికీ అంచు నీటిని తాకిందా, ఇక లెక్కలతో పని లేదు.

అదే నియమావళిలో ఇంకో చిన్న సంగతి ఉంది. నిలబడ్డ మనిషి బరువుని డెక్కు నుంచి మీటరు ఎత్తున లెక్కిస్తారు, కూర్చున్న మనిషిది సీటు నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తునే. కాబట్టి ‘దయచేసి కూర్చోండి’ అని లాంచీ నడిపే సరంగు అరిచేది మర్యాద కోసం కాదు.

విరుగుడు ఖర్చు లేనిదే: జనాన్ని తిప్పకుండా లాంచీనే తిప్పాలి. దీనికి ఏ రేవులో నది ఎటు పారుతోందో చూసుకోవాలి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంది, సూర్యుడు కొవ్వూరు వైపు దిగుతాడు. అంటే ధవళేశ్వరం వైపు పోయే లాంచీకి సూర్యుడు సరిగ్గా కుడి పక్కన, తిరిగొచ్చేటప్పుడు ఎడమ పక్కన. ఎటు నడిపినా జనం పక్కకే చేరతారు. ఇక్కడ సూర్యాస్తమయానికి ఐదు నిమిషాల ముందు ఇంజను వేగం తగ్గించి, వంతెన స్తంభాలకు దూరంగా, లోతున్న చోట లాంచీ ముక్కు కొవ్వూరు వైపు పెట్టి నిలపాలి. అప్పుడు రెండు రెయిలింగుల వాళ్లకీ సూర్యుడు ముందుంటాడు, ఎవరూ లేవనక్కర్లేదు. అందరూ ముందుకు ఎగబడతారేమో అంటారా, లాంచీ పొడవు వెడల్పుకి మూడు నాలుగు రెట్లు కనుక ముందుకి వంగడం పక్కకి ఒరగడమంత తేలిక కాదు. అయినా ముక్కు దగ్గర తాడు కట్టి ఒక మనిషిని నిలబెట్టాల్సిందే.

విజయవాడలో కథ వేరు. కృష్ణ పడమటి నుంచి వస్తుంది కాబట్టి, ఎగువకి పోతుంటే సూర్యుడు ఎదురుగానే ఉంటాడు. ప్రయాణికులకి హాయి, సరంగుకి నరకం. నీటి మీద మెరుపు కళ్లలో కొడుతుంటే ఇసుక మేట కనపడదు, వల బెండ్లు కనపడవు, దీపం లేని నాటు పడవ అసలే కనపడదు. వలలు వేసేది కూడా సరిగ్గా ఆ వేళకే. ప్రొపెల్లరుకి వల చుట్టుకుంటే ఇంజను ఆగుతుంది, నడి నదిలో చీకటి పడుతుంది. కాబట్టి ఎగువకి పోయేది ముందే పోయి, సూర్యుడు బాగా వాలకముందే వెనక్కి తిరగాలి. సరంగు వీపున సూర్యుడు, జనం లాంచీ వెనుక భాగం నుంచి చూస్తారు. ఫోటోల్లో నీటిమీద లాంచీ గీసిన గీత కూడా పడుతుంది, అది ఇంకా బాగుంటుంది.

వేళ విషయానికొస్తే, టికెట్టు మీద ‘సాయంత్రం 5.30’ అని ఏడాది పొడుగునా ఒకటే అచ్చువేయడం అర్థం లేని పని. రాజమహేంద్రవరంలో నవంబరు చివర సూర్యుడు 5.25 ప్రాంతంలోనే దిగిపోతాడు, జూన్ నడుమ 6.35 దాటుతుంది. విజయవాడలో ఇంకో ఐదు నిమిషాలు కలుపుకోండి, హైదరాబాదు హుసేన్ సాగర్ మీదైతే పావుగంట దాకా. చలికాలంలో పొగమంచు వల్ల బింబం నీటిని తాకకముందే మసకలో కలిసిపోతుంది, అంటే చూసే వేళ ఇంకా ముందుకి జరిగినట్టే. సూర్యుడు మునిగాక చుట్టూ వస్తువులు పోల్చుకోగల వెలుగు సుమారు ఇరవై నిమిషాలుంటుంది. లాంచీ రేవుకి చేరి తాడు పడవలసింది ఆ ఇరవై నిమిషాల్లోపే. కాబట్టి గంటంపావు షికారు అయితే సూర్యాస్తమయానికి 55 నిమిషాల ముందు బయల్దేరాలి. ఆలస్యంగా వచ్చిన గుంపు కోసం అరగంట ఆగితే ఆ అరగంట చీకట్లోంచే తిరిగి వసూలవుతుంది. 2023 మే 7న కేరళలోని తానూరు దగ్గర బోల్తాపడి 22 మందిని బలిగొన్న పడవ తిరిగింది పొద్దుపోయాకే. అది చేపల పడవని రెండంతస్తుల విహార పడవగా మార్చినది. మనకీ దగ్గర అనుభవమే ఉంది: 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం సాయంత్రం విజయవాడ దగ్గరి పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ మునిగి ఇరవై మందికి పైగా పోయారు.

ఇక ఎంతమందిని ఎక్కించుకోవచ్చన్న లెక్క. సర్వే ధ్రువపత్రంలో రాసిన సంఖ్యకి టికెట్లు కోస్తారు. పాటగాళ్లు నలుగురు, వడ్డించేవాళ్లు ఆరుగురు టికెట్టు కొనరు కాబట్టి ఆ లెక్కలోకి రారు, ఒళ్లో పిల్లలూ రారు. పదిమంది మనుషులంటే 750 కిలోలు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఇరవై అంటే ఇంకో 400. టన్ను దాటింది, ఇంకా స్పీకర్లు, ఐసు పెట్టెలు, జనరేటరు లెక్కలోకే రాలేదు. ఇవన్నీ చేరేది ఎక్కడికి? డాన్సు పైన కాబట్టి పైకే. నీళ్లూ ఐసూ కింది అంతస్తులో, నడిమధ్యన ఉండాలి, స్పీకర్లు కట్టేసి ఉండాలి. జనరేటరు పొగ గాలివాటాన్ని బట్టి కింది కేబిన్లోకి దిగుతుంది, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. తలనొప్పిగా ఉందని నలుగురు ఒకేసారి అంటే అది నది గాలి పడకపోవడం అనుకోవద్దు.

లాంచీ బరువెక్కి పైబరువుగా ఉందో లేదో ప్రయాణికుడు కూడా పసిగట్టవచ్చు. పక్కకి ఊగి మళ్లీ అదే చోటికి రావడానికి ఎంతసేపు పడుతోందో మనసులో లెక్కపెట్టండి. ఆరు మీటర్ల వెడల్పు లాంచీ, నిలకడ 60 సెంటీమీటర్లున్నప్పుడు ఆరు సెకన్లలో ఊగి వస్తుంది. నిలకడ తగ్గేకొద్దీ ఏడు, ఎనిమిది సెకన్లవుతుంది. చురుగ్గా, విసురుగా ఊగే లాంచీని చూసి జనం భయపడతారు, ఉయ్యాలలా మెల్లగా, మెత్తగా ఊగేదాన్ని చూసి హాయనుకుంటారు. భయపడవలసింది రెండో దానికి. ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసి వరసగా అటొక అడుగు ఇటొక అడుగు వేసే డాన్సు కూడా ఆ ఊగుతోనే తాళం కలుపుతుంది, గెంతే డాన్సుకన్నా అదే చెడ్డది.

పాటల గురించి రెండే మాటలు. సౌండ్ సిస్టమ్ కరెంటు ఆపే స్విచ్చి సరంగు గదిలో ఉండాలి, డీజే దగ్గర కాదు. ‘అందరూ కూర్చోండి’ అన్న కేక పాటలో కలిసిపోతే కేక వేసి లాభమేంటి? రెండోది దీపాలు. లాంచీకి ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ దీపం ఉండేది ఎదుటి సరంగు మనం ఎటు పోతున్నామో తెలుసుకోడానికి. రెయిలింగు పొడుగునా ఎరుపూ ఆకుపచ్చా మారి మారి వెలిగే సీరియల్ లైట్లు చుడితే ఆ రెండు దీపాలూ పెళ్లి పందిట్లో కలిసిపోతాయి. చీకటికి కళ్లు అలవాటు పడడానికి అరగంట దాకా పడుతుంది, ఒక్క ఫోకస్ లైటు పడితే మళ్లీ మొదటికి. సరంగు గది వెనక నల్ల తెర వేలాడదీయడానికి ఎంతవుతుంది? బాణసంచా మాట అసలే వద్దు. 2025 జనవరి 26 రాత్రి హుసేన్ సాగర్‌లో పడవల మీద కాల్చిన బాణసంచా ఆ పడవలకే నిప్పంటించడం అందరూ చూశారు.

తిండి ఒడ్డునే వండి వేడి డబ్బాల్లో తేవాలి. గ్యాసు సిలిండరు లాంచీ ఎక్కకూడదు. వంటగ్యాసు గాలికన్నా బరువు, కారితే పైకి పోదు, అడుగున ఇంజను ఉన్నచోటికే దిగి కూర్చుంటుంది. వడ్డన సూర్యాస్తమయానికి అరగంట ముందే, కింది అంతస్తులో, కూర్చున్న చోటికే జరిగిపోవాలి. సరిగ్గా సూర్యుడు దిగే వేళ బఫే తెరిస్తే జనం పళ్లెంతో మెట్లెక్కుతారు, రెయిలింగు పట్టుకోడానికి చెయ్యి మిగలదు. గారెలు, బజ్జీలు, మసాలా వేరుశెనగలు సరిపోతాయి. సాంబారు, పెరుగువడ డెక్కు మీద ఒలికాయంటే జారుడుబల్లే. కాగితపు కప్పులు గాలికి నదిలోకే పోతాయి, స్టీలు గ్లాసులు మేలు. అన్నట్టు, జనవరి షికారు మెనూలో ‘పులస పులుసు’ అని రాసుంటే నమ్మకండి. పులస వచ్చేది గోదావరి ఎర్రబారినప్పుడు, అప్పుడు ఈ లాంచీలు కట్టేసి ఉంటాయి.

మందు సంగతి. గోవాలో లాంచీ మీదే బారుంటుంది. మన దగ్గర మామూలుగా అమ్మేది టీ, కూల్ డ్రింకే, సీసాలు సంచుల్లో వస్తాయి. తాగినవాడు డాన్సు చేస్తూ పడిపోవడం తక్కువ. ఎవరూ చూడని చోట, లాంచీ వెనక అంచున నిలబడి ఒంటేలుకి పోతూ పడేవాడి మాటేంటి? పడిన సంగతి రేవులో లెక్క తప్పాకే తెలుస్తుంది. వెనక భాగానికి గొలుసు కట్టి ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టాలి. ఎవరైనా పడితే చూసినవాడు చెయ్యి చాచి ఆ మనిషినే చూపిస్తూ ఉండాలి, కన్ను తిప్పకూడదు. ఇంకొకరు వెంటనే ట్యూబు విసరాలి. సరంగు మనిషి పడిన వైపుకే చుక్కాని తిప్పాలి, అప్పుడు లాంచీ వెనక భాగం, ప్రొపెల్లరూ అతనికి దూరంగా జరుగుతాయి. దగ్గరికి వచ్చాక గేరు న్యూట్రల్‌లో పెట్టాలి. మనిషిని కాపాడబోయి అందరూ ఆ వైపు రెయిలింగు మీద పడితే పైన చెప్పిన లెక్క మళ్లీ మొదలవుతుంది.

లైఫ్ జాకెట్టు ఫోటోలో బాగుండదని సీటు కింద పరిచి కూర్చునేవాళ్లే ఎక్కువ. పట్టీలు బిగించకపోతే నీళ్లలో జాకెట్టు పైకి లేచి గడ్డానికి తగులుతుంది, మనిషి కిందికి జారతాడు. పిల్లలకి పెద్దవాళ్ల జాకెట్టు వేస్తే చేతులెత్తగానే ఊడిపోతుంది, చిన్న సైజు లేదంటే ఆ లాంచీ ఎక్కకపోవడమే మంచిది. ఇంకో సంగతి చెబితే ఏసీ లాంచీల యజమానులకు కోపం రావచ్చు. అద్దాలు బిగించిన కేబిన్లో జాకెట్టు కట్టుకుని కూర్చుంటే, లాంచీ బోర్లాపడినప్పుడు అదే జాకెట్టు మనిషిని కేబిన్ పైకప్పుకి నొక్కి పట్టి ఉంచుతుంది, తలుపు నీటి అడుగున ఉంటుంది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీని అక్టోబరు 22న బయటికి తీసినప్పుడు లోపల మృతదేహాలున్నాయి. ఏ అద్దం లోపలి నుంచి తెరుచుకుంటుందో, బద్దలుకొట్టే సుత్తి ఎక్కడుందో ఎక్కగానే చూపించాలి. 1917 నాటి చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్గత జలరవాణా నౌకల చట్టం రిజిస్ట్రేషన్, సర్వే, సరంగుకి అర్హత పత్రం, బీమా అడుగుతోంది. టికెట్టు కిటికీ దగ్గర వాటి నకళ్లు అంటించమని పర్యాటక శాఖ వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం. సూర్యాస్తమయ వేళ, తిరిగి చేరే వేళ కూడా అక్కడే పలక మీద రోజూ సుద్దతో రాస్తే సరిపోతుంది.

చివరిగా రేవు దగ్గర. దీపాలు కనపడగానే అందరూ చెప్పులు వేసుకుని రేవు వైపు పక్కన నిలబడతారు. ముందు తాడూ వెనక తాడూ రెండూ పడేదాకా ఎవరూ లేవకూడదు. ఆ తర్వాత కూడా కింది అంతస్తు వాళ్లని ముందు దింపకూడదు. కింద ఖాళీ అయి పైన జనం మిగిలితే, దారి పొడుగునా లేనంత పైబరువు లాంచీకి ఆ కాసేపట్లో వస్తుంది. మొదట పైవాళ్లని మెట్లు దింపి కింద కూర్చోబెట్టాలి, ఆ తర్వాతే ఒడ్డుకి దిగే చెక్క పలక వేయాలి.

ఇట్లు,
గోదావరి లాంచీల మీద పనిచేసే కొందరు సరంగులు,
రాజమహేంద్రవరం