మూడు రోజుల మౌనం గురించి

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ పత్రికలో భార్యాభర్తల గొడవల మీద వచ్చిన సలహాలు చదివాను. ఒకరు కోపంగా ఉన్నప్పుడు ఇంకొకరు నోరు మెదపకుండా ఉంటే గొడవ దానంతటదే సద్దుమణుగుతుందని రాశారు. నా కాపురంలో నన్ను ఎక్కువ ఏడిపించింది ఆ నోరు మెదపకపోవడమే. అందుకే ఈ ఉత్తరం.

నేను కొర్లగుంటలో బట్టలు కుడతాను. మా ఆయన తిరుమల కొండకు టాక్సీ నడుపుతాడు. మాట పెరిగిందంటే మూగవాడైపోతాడు. గంటా రెండు గంటలు కాదు, మూడేసి రోజులు. మధ్యలో మా పాప. 'మీ నాయనను అన్నానికి రమ్మను.' 'బండి బీగాలు ఎక్కడ పెట్టిందో మీ అమ్మను అడుగు.' ఎదురెదురుగా కూర్చుని ఆ పిల్ల చేత మాటలు మోయించాం. ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు 'రేపట్నుంచి నేను చెప్పను' అని పుస్తకాల సంచీ తీసుకుని మిద్దె మీదికి వెళ్లిపోయింది.

నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఒక మేడమ్ సైకాలజీ పాఠాలు చెబుతారు. చీరకు ఫాల్ వేసేదాకా కూర్చుని నా గోడు విన్నారు. అమెరికాలో సియాటిల్ నగరంలో ఉన్న వాషింగ్టన్ యూనివర్సిటీలో జాన్ గాట్‌మన్ అనే ప్రొఫెసర్ 1980లలోనే ఆలుమగల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒంటికి వైర్లు తగిలించి, వాళ్లు పోట్లాడుకునే విషయం మీదే మాట్లాడించి గుండె వేగం కొలిచారట. గొడవలో గోడలా బిగుసుకుపోయేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లేనట. పైకి రాయిలా కనిపిస్తున్నా లోపల గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటూ ఉంటుందట. ఆ సమయంలో ఎదుటి మనిషి చెప్పేది బుర్రకెక్కదు, కనీసం 20 నిమిషాలు వదిలేస్తే గానీ ఒళ్లు నెమ్మదించదు అన్నారు.

నేను నమ్మలేదు. పోయిన వేసవిలో, చీటీ పాడిన డబ్బులో ముప్పై వేలు నాకు చెప్పకుండా మా మరిదికి ఇచ్చాడని తెలిసింది. నేను అరుస్తున్నాను. ఆయన మంచం అంచున కూర్చుని బండి బీగాలు వేలికి తిప్పుకుంటున్నాడు. మేడమ్ మాట గుర్తొచ్చి, అరవడం ఆపి, మణికట్టు పట్టుకున్నాను. గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. అర నిమిషానికి 57. మెషిన్ సూది ఆడినట్టు ఆడుతోంది నాడి. అరచేయి చల్లగా, చెమటగా ఉంది. నేనంటే లెక్కలేదని ఇన్నేళ్లూ అనుకున్నాను, ఈ మనిషి భయపడుతున్నాడని ఏనాడూ తోచలేదు.

'ఏమైంది నీకు?' అన్నాను. 'నువ్వు గొంతు పెంచితే నాకేమీ వినపడదు. ఏం చెప్పినా ఇంకా పెద్దదవుతుందని ఊరుకుంటా' అన్నాడు. ఆ సంగతి ఆయన నోటి నుంచి వినడం అదే మొదటిసారి.

నా తప్పు లేదని అనను. ఆయన పక్కకు జరిగేకొద్దీ నేను వెంటపడి అడిగేదాన్ని, నేను అడిగేకొద్దీ ఆయన ఇంకా ముడుచుకునేవాడు. ఘాట్ రోడ్డు మలుపుల్లో రోజంతా బండి తిప్పి వచ్చిన మనిషి చెప్పులు విప్పకముందే 'నీకెప్పుడూ మీవాళ్లే' అని మొదలుపెట్టేదాన్ని. అదీ మా అత్త ముందు. ఇప్పుడు అన్నం తిన్నాక, 'డబ్బు సంగతి నాకు చెప్పకపోతే నాకు భయంగా ఉంటుంది' అంటాను.

ఆయన ఇప్పటికీ మాట ఆపేస్తాడు. కానీ ఆపేముందు 'తొమ్మిదిన్నరకు మాట్లాడదాం' అంటాడు, ఆ టైముకు మిద్దె దిగి వస్తాడు. నాకు కావలసింది ఆ టైమే. మరిది గొడవ మాత్రం తీరలేదు. దంపతుల తగాదాల్లో 69 శాతం ఎన్నేళ్లయినా పూర్తిగా తీరనివేనని గాట్‌మన్ లెక్క. అది విన్నాక నా టెన్షన్ సగం తగ్గింది.

చెయ్యి చేసుకునే ఇళ్ల గురించి నేను చెప్పడం లేదు. అక్కడ గడియారం చూస్తూ కూర్చోకూడదు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

ఓర్చుకో, నోరెత్తకు అని పెళ్లికూతురికి మన ఇళ్లల్లో తలంబ్రాల నాటి నుంచే చెబుతారు. పత్రిక కూడా అదే చెబితే ఎలా? మౌనంగా ఉండమని రాసిన చోటే, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో చెప్పి వెళ్లమని కూడా రాయండి. మన ఎస్వీ యూనివర్సిటీలోనే సైకాలజీ విభాగం ఉంది. అక్కడి అధ్యాపకుల చేత వారానికోసారి పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాయించండి.

మొదటి ప్రశ్న నేనే పంపుతున్నాను. మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇంట్లో ఎవరి గొంతు కాస్త పెరిగినా ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని గోడవైపు తిరిగి కూర్చుంటుంది. ఇన్నేళ్లు మా మాటలు మోసిన పిల్లకు మేమిద్దరం ఇప్పుడు ఏమని చెప్పాలి?

ఇట్లు,
ఒక కుట్టుపని మహిళ,
కొర్లగుంట, తిరుపతి